కొత్త మనిషి పాట

కోరుట్ల,
9 జూన్ 2025

చెల్లె భాగ్యకు,

డబ్బ ఇప్పంగనే కనవడాలెనని గీ కాయితం అన్నిటికన్న పైన పెట్టిన. దీని కింద బట్టల సుట్టి ఉన్నది మన స్టూడియోల రెండు కండ్ల కెమెరా. అడుగున నేను పెండ్లిళ్ళకు తిప్పిన రీలు కెమెరా సుత ఉన్నది, దాన్ని తరువాత సూద్దాం. బస్సు కార్గోల ఏసిన. పైలంగ తియ్యి, అద్దాల మీద ఏలు పెట్టకు.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్ల మీ వదినెనే ఎత్తుతది. నేను పక్కన్నె కూసోని ఇంటనే ఉంట. క్యాన్సరని గొంతుపెట్టె తీసేసినకాడికెల్లి నాకు ఇనుడు మిగిలింది, అనుడు పోయింది. మెడకు తొర్ర పెట్టిండ్రు, ఊపిరి అండ్లకెల్లి అచ్చిపోతది. మాట దేంట్లకెల్లి రావాలెనో ఎవలు చెప్పలే. ఫోన్ల రాసి పంపు అంటవు గని, మా ఇంట్ల ఉన్నది గౌరి బటన్ల ఫోనొక్కటే. అందుకె గీ కాయితాలు.

గౌరికి అచ్చరం ముక్క రాదని నీకెర్కనె. పెండ్లైన కొత్తల నేర్పుత అంటె, బీడీలు చేసుకుంట యాడ నేర్చుకుందు అన్నది. నేనూ ఇడిసిపెట్టిన. ఇప్పుడు పలక మీద రాసి సూపెడితె, ఆమె పలకను సూడది, నా మొఖం సూస్తది. ఆకలైతె కడుపు మీద చెయ్యి పెడుత. అంతకన్న పెద్ద ముచ్చటకు నా చేతులు సాలయి.

ఆపరేషన్ చేసిన దవఖానల ఒక మిషన్ సంగతి చెప్పిండ్రు. టార్చిలైటంత ఉంటదట. మెడకు ఆనిచ్చి పెదవులు కదిపితె మాట అస్తదట. గది కొనాలె. అమ్మేటందుకు నా దగ్గర కెమెరాలు తప్ప ఏమున్నయి? ఇక్కడ అడిగితె తూకం లెక్క అడుగుతుండ్రు. నీ జిరాక్స్ దుకాణంల కంప్యూటరున్నది గద, ఆన్లైన్ల హర్రాజు పెడుతరట, పెట్టు.

ఒక్కటే అనుమానం. చిన్నప్పుడు బాపు ఎంబడి కల్లు హర్రాజుకు పోతుంటి. పాట పాడేటోడు ముందుగాల ధరావత్తు కట్టాలె, పది మంది ముంగట నిలవడాలె. గీ హర్రాజుల మనిషే కనవడడు. ఎవలని నమ్ముడు, ఎట్ల నమ్ముడు?

బావ మరమగ్గాల సాంచెలు నడుస్తున్నయా? అడిగిన్నని చెప్పు.

అన్న,
వెంకటేశం


సిరిసిల్ల,
23 జూన్ 2025

అన్నా,

కెమెరా మంచిగ అందింది. దాని తోలు బ్యాగు మీద నువ్వు తెల్ల రంగుతోని రాసుకున్న "జ్యోతి ఫోటో స్టూడియో, కోరుట్ల" ఇంకా చెదరలే. బ్యాగు పక్కన పెట్టి ఫోటోలు తీసి, సైటుల పెట్టిన. నువ్వు నమ్మవు గని, పిల్లగాండ్లకు ఇప్పుడు రీలు కెమెరాలంటె పిచ్చి. ఎగవడి పాడిండ్రు.

గని చెడ్డ కబురే. ఆఖరికి పాట గెలిచినోడు మాయమైండు. పైసలు కట్టలే, జవాబియ్యలే. నేను రోజు పొద్దుగాల దుకాణం తెరవంగనే సూసుడు, మొఖం యాలాడేసుకునుడు. తీరా సూస్తె వాడు కొత్తోడు, ఖాతా గా హర్రాజుకు ఒక్క దినం ముందే తెరిసిండట.

నువ్వు ఎట్ల నమ్ముడని అడిగినవ్ గద, చెప్త ఇను. ఆ సైటుల ప్రతి మనిషి పేరు పక్కన ఒక అంకె ఉంటది. ఎన్నిసార్లు కొన్నడు, అమ్మినోళ్ళు ఎంతమంది మంచోడన్నరు అనేది గా అంకె. కొత్తోనికి సున్న ఉంటది. సున్న ఉన్నోడు మంచోడైతె కావచ్చు, ఆటకు పాడేటోడైతె కావచ్చు, దొంగైతె కావచ్చు. మనకు తెల్వది. నాకు నచ్చకపోతె ఎవని పాటనైనా కొట్టేసే హక్కున్నది. ఇగ నుంచి సున్నగాండ్లను కొట్టేస్త. కొత్తోనికి అరుగు మీద సోటిస్తం గని, బీరువ తాళం ఇస్తమా?

మల్ల హర్రాజు పెడుతున్న. నువ్వు రంధి పెట్టుకోకు.

మీ బావ సాంచెలు అడిగినవు. వారంల సగం దినాలు బందే. ఆ చప్పుడు లేకుంటె నిద్ర పడ్తలేదని అరుగు మీద కూసుంటడు. చప్పుడుంటె చెవులు పోతున్నయంటుండె. మనిషికి ఏది దొరకదో గదే కావాలె.

నీ చెల్లె,
భాగ్య


కోరుట్ల,
1 జూలై 2025

భాగ్యా,

నీ కోపం సమజైంది. వానికి నా కెమెరా ఎందుకు ఆటైందో వానికే ఎర్క.

గని ఒక్క మాట. నా స్టూడియో మెట్లెక్కిన ప్రతి మనిషి మొదటిసారి కొత్తోడే. పాస్‌పోర్టు ఫోటోలు దిగి, దుబాయి పోయినంక పంపుత అని పోయినోళ్ళెంతమంది! కొందరు పంపిండ్రు, కొందరు పంపలే. ఎవడు పంపుతడో మొఖం సూసి చెప్పే తెలివి నాకు ఎన్నడు రాలే. మొఖాలు తీసుడే నా పనైనా రాలే. అందుకని ఎవలని ఎల్లగొట్టలే. నువ్వు దుకాణదారువు, నీ లెక్క నీది. ఊకె చెప్తున్న, గంతే.

ఇంకో సంగతి అడగాలె. స్టూడియో ఉన్న కిరాయి మడిగె ఖాళీ చెయ్యుమని లచ్చయ్య సేటు కబురు మీద కబురు పంపుతుండు. కెమెరాలు, లైట్లు ఇంటికి తెచ్చుకున్న. గని నెగెటివ్‌లు? మిఠాయి డబ్బల నింపి గోడకు పేర్చిన. మేడిపల్లి, గొల్లపల్లి, ఈ సుట్టుపక్కల ఊర్లన్ని అండ్ల ఉన్నయి. ఎలుగుకు పెట్టి సూస్తె మొఖాలు నల్లగ, ఎంటికలు తెల్లగ. పడుసోళ్ళందరు ముసలోళ్ళైనట్టు కనవడుతరు. ఇంట్ల పెడ్దామంటె బీడీ ఆకు బస్తాలకే సోటు లేదు. పాత ఎక్స్‌రే ఫిల్ములు కొంటం అని బండి మీద ఒకడు తిరుగుతుండు. అండ్ల కాళ్ళ పట్టీలు చేసే ఎండి ఉంటది, ఉడకవెట్టి తీస్తరు. నీ హర్రాజుల గివ్విటికి పాటస్తదా? లేకుంటె ఏం చెయ్యాలె?

జగిత్యాల పోయి స్కానింగ్ తీపిచ్చుకొచ్చిన. ఊకెనే, ఏడాదైందని తీస్తరట, రిపోర్టు ఇంక రాలే. ఏం లేదు.

అన్న


సిరిసిల్ల,
14 జూలై 2025

అన్నా, మంచి కబురు! ముందుగాల అదే రాస్తున్న.

కెమెరా పోయింది, మంచి రేటుకు పోయింది. కొన్నది బెంగుళూరాయన. పేరు పక్కన మూడు వందల పైచిలుకు అంకె, ఒక్కడు సుత చెడ్డగ రాయలే. అంత మంది మంచోడన్నంక మనం అనుమానపడేదేమున్నది? పైసలు వెంటనే కట్టిండు. సైటోళ్ళు కొన్ని దినాలు తమ దగ్గర పెట్టుకొని పంపుతరు. రాంగనే మిషన్ తెప్పిస్త.

నడుమ ఒక తమాష జరిగింది. ఒక సున్న ఖాతా తగిలింది. అందరికన్న ఎక్కువ పాడిండు. కొట్టేద్దామనుకునేలోపట ఇంగ్లీషుల ఒక ఉత్తరం పెట్టిండు. నీకు తెలుగుల రాస్త సూడు: "గౌరవనీయ అమ్మకందారుకు, నేను కొత్త మనిషిని. కోరుట్ల. మా అమ్మ మీ దగ్గర లోపల ఉన్నది. వేరేవాళ్ళకు ఇవ్వకండి. నేను రెండింతలు ఇస్తాను." కింద ఫోన్ నంబర్ పెట్టినట్టున్నడు, సైటోళ్ళు దాన్ని చుక్కలతోని కప్పేసిండ్రు. నంబర్లియ్యొద్దని వాళ్ళ రూలు. వాళ్ళమ్మ కెమెరాల ఎందుకుంటది? రెండింతలిస్త అనేటోడు సాధారణంగ దొంగే. కోరుట్ల పేరంటవా, బ్యాగు మీద సూసి రాసి ఉంటడు.

అయినా నువ్వు కొత్తోళ్ళను ఎల్లగొట్టలేదని రాసినవ్ గద, నిన్ను అడుగకుంట చెయ్యొద్దని వదినెకు ఫోన్ చేసిన. "కొత్తోడొకడు పాడుతుండు, వాని పాట తీసెయ్యమంటడా, అన్నను అడుగు" అన్న. ఆమె నిన్నడిగి, "ఒద్దంటుండు" అన్నది. సరే నువ్వు సుత ఒద్దంటున్నవని పాట కొట్టేసి, మల్ల రాకుంట వాన్ని బందు చేసిన.

నెగెటివ్‌లకు పాట రాదన్నా. ఊరు పేరు తెల్వని మొఖాలు ఎవలు కొంటరు? ఎక్స్‌రే బండాయనకిచ్చెయ్యి, మడిగె అప్పజెప్పి నిమ్మళంగ ఉండు.

స్కానింగ్ రిపోర్టు ఏమొచ్చింది? రాయనే లేదు.

భాగ్య


కోరుట్ల,
22 జూలై 2025

భాగ్యా,

నీ ఉత్తరం సదివి పలక తీసి నేలకేసి కొట్టిన. గౌరి బెదిరి ఆకుచాట ఇడిసిపెట్టి లేసింది. ఏమైందని అడిగింది. ఏం చెప్పుదు, ఎట్ల చెప్పుదు?

ఆనాడు ఆమె ఫోన్ చెవుకు పెట్టుకొని, "కొత్తోని పాట తీసెయ్యమంటవా అని భాగ్య అడుగుతంది" అన్నది. నేను రెండు చేతులు ఊపిన. తీసెయ్యొద్దు అని. ఆమె నీకు "ఒద్దంటుండు" అన్నది. ఆమె తప్పు చెప్పలే, నువ్వు తప్పు ఇనలే. నాకు నోరుంటె ఇంకొక్క మాట ఎక్కువనేటోన్ని, గంతే.

"మా అమ్మ మీ దగ్గర లోపల ఉన్నది" అనే మాట నన్ను ఇడుస్తలేదు. దొంగైతె గట్లెందుకు రాస్తడు? దొంగకు మంచిగ రాసుడస్తది. నీతోని అయ్యే పని ఒక్కటి చెప్త. వాన్ని బందు పెట్టినవ్ గద, తీసి, ఎవల్నువ్వు అని ఒక్కసారడుగు.

నెగెటివ్‌లు ఇచ్చేసిన. నీ కాయితం సూసే ఇచ్చిన. బండాయన ఒక్కొక్క డబ్బ గోనెల వంపుకుంట, "గింతమంది ఉన్నరేందే పెద్దాయనా" అన్నడు. మస్తు బరువున్నయి. గోనె మూతి కట్టంగ కొన్ని జారి మోరీ పక్కన పడ్డయి. ఏరి మల్ల అండ్లనే ఏసిన.

రిపోర్టు అచ్చింది. దాని సంగతి తరువాత రాస్త. ముందుగాల మిషన్ తెప్పియ్యి. పైసలెప్పుడిస్తరో అడుగు.

అన్న


సిరిసిల్ల,
4 ఆగస్టు 2025

అన్నా,

ఎట్ల రాయాలెనో సమజైతలేదు. పైసలు రావు.

బెంగుళూరాయన కెమెరా అందినంక, పని చేస్తలేదు, అద్దాలల్ల బూజు పట్టింది అని సైటోళ్ళకు రాసిండు. ఫోటోలు పెట్టిండు. వాళ్ళు నన్నడిగేలోపటే వాపసుకు ఒప్పుకున్నరు. పార్సిల్ అచ్చింది. ఇప్పి సూస్తె మీది కండ్ల పగులున్నది, తిప్పితె గరగరమంటంది. బ్యాగు లేదు. నేను ఇది నా కెమెరా కాదని రాసిన. మల్ల మల్ల రాసిన. "కొన్న ఆయన మీద ఇన్నేండ్లల ఒక్క ఫిర్యాదు లేదు. మీరు అమ్మకానికి కొత్త" అని జవాబిచ్చిండ్రు. అన్నా, వాళ్ళ లెక్కల నేనే కొత్తదాన్ని. నేనే సున్న.

నీకు కోపమొచ్చినా సరే ఒక మాట అడుగుత. నువ్వు పంపిన కెమెరా నిజంగ మంచిగ ఉండెనా? ఎన్నేండ్ల నుంచో మూల పడ్డది గద. నేను అద్దాలు ఇప్పి సూడలే. మీ బావ అడిగిండు, "మీ అన్న తెలిసే పంపిండేమొ" అని. నేను తిట్టిన. గని ఆ మాట నా మనసుల పురుగు లెక్క తిరుగుతంది, అందుకె దాచకుంట రాస్తున్న.

ఇంకోటి. ఆ మిషన్‌కు ఎందుకు గంత తొందర? ముప్పై ఏండ్ల సంసారం, నువ్వు కన్నెగరేస్తె వదినెకు సమజైతది. ఇంకో ఆరునెల్లు సైగలతోని ఎల్లదీస్తె, దసరంక బావకు పని తగులుతది, అప్పుడు ఏదో ఒకటి చేద్దాం. నువ్వు చిన్నపిల్లగాని లెక్క పట్టుపడుతున్నవు.

ఆ సున్నాయన బందు తీసిన. మీరెవలు అని రాసిన. జవాబు లేదు. ఆ ఖాతానే తీసేసుకున్నడట.

భాగ్య


కోరుట్ల,
12 ఆగస్టు 2025

భాగ్యా,

కెమెరా మంచిగనే ఉండె. నీకు పంపే ముందు ఒక రీలేసి సూసిన. ఇగ గా ముచ్చట మల్ల ఎత్తకు. బావనేమనకు, పైసలు పోయిన ఇంట్ల గట్ల అనుకుంటరు.

మొన్న మా ఇంటికి ఒకామె అచ్చింది. పేరు లుబ్నా. జగిత్యాలకు ఇచ్చిండ్రు, పుట్టిల్లు మేడిపల్లి. మడిగె కాడికి పోయి, షట్టర్ మీద వేరే బోర్డు సూసి, అడుగుకుంట అడుగుకుంట వానల తడుసుకుంట అచ్చింది. గౌరి తువాల ఇచ్చి కూసోవెట్టింది. నేను మాట్లాడలేనని తెలిసి, ఆమె నా పలక దిక్కు జరిగి కూసున్నది. తెలుగు బడిల సదివిందట.

"చాచా, మా అన్న పేరు నౌషాద్. మస్కట్ల ఉంటడు. మా అమ్మి కుల్సుమ్ బీ, మేడిపల్లిల బట్టలు కుడుతుండె. అమ్మి ఎన్నడు ఫోటో దిగలే. రేషన్ కార్డు మీద సుత కొంగు అడ్డమే. అన్న మొదటిసారి పోయేనాడు, నీ ఫోటో లేకుంటె ఇమానం ఎక్కనని మొండికేసిండు. అప్పుడు మీ దగ్గర ఒక్కటి దిగింది. అన్న అక్కడున్నప్పుడే అమ్మి పోయింది. రాలేకపోయిండు. ఆ ఫోటో పర్సుల పెట్టుకొని తిరుగుతుండె. మొన్న ఎండకాలం వాళ్ళ క్యాంపు రూము కాలిపోయింది. పర్సు, ఫోటో, అన్ని."

గౌరి "అయ్యో" అన్నది.

"మీ స్టూడియో నంబర్ దొరుకుతదేమొ అని ఫోన్ల ఎతికిండట. మీ బ్యాగు, మీ కెమెరా అమ్మకానికి కనవడ్డయట. అమ్మినోళ్ళతోని మాట్లాడాలంటె ఖాతా తెరవాలెనట, తెరిసిండు. అన్నకు ఇంగ్లీషు రాదు. ఉర్దూల చెప్తె ఫోన్ ఇంగ్లీషు చేసి పెట్టిందట. కెమెరా కొంటె మీరు మాట్లాడుతరని పాట పాడిండట. వాళ్ళు నన్ను తరిమిండ్రు లుబ్నా, నువ్వన్న పో అన్నడు. నేను బాలింతను, నెల దాక కదలలేకపోయిన. చాచా, నెగెటివ్ ఉంటది గద?"

నేను పలక పట్టుకున్న. బలపం పట్టుకున్న.

నాకామె యాదికున్నది భాగ్యా. అందరిని బయటికి పంపుమన్నది. కొడుకును సుత. మామూలు కెమెరా అయితె మనిషి దిక్కు గురి పెట్టాలె. గీ రెండు కండ్ల దాంట్ల మనం తల వంచి కిందికి సూడాలె, మనిషిని సూడం. "నన్ను సూడవా మరి?" అన్నది. సూడనమ్మా అన్న. అప్పుడు బుర్ఖా మీదికి లేపింది. అద్దంల కుడెడమలైన మొఖం ఒక్కటి కనవడ్డది. గదే నేను సూసింది. లుబ్నా ఎట్లుండె చాచా అని అడుగుతంది. ఎంత యాది చేసుకున్నా మొఖం రాలే. తల మీద బుర్ఖా మడత అస్తంది, చెవుకమ్మ అస్తంది, మొఖం రాదు.

ఫిల్ముల బండాయనకు ఇచ్చిన్నని రాసిన. ఇద్దరం ఆటోల బస్టాండెనుక నర్సన్న తుక్కు దుకాణానికి పోయినం. అన్నీ అక్కడికే అస్తయి. నర్సన్న పెరట్ల డ్రమ్ము సూపెట్టిండు. ఎండి తీసుడు అప్పటికే అయిపోయింది. ఉడికిన ఫిల్ములు తీగె మీద ఆరేసి ఉన్నయి, అద్దం లెక్క తెల్లగ. ఒక్కదాని మీద గీత లేదు. లుబ్నా ఒక్కొక్కటి ఎలుగుకు పెట్టి సూసింది. అన్నీ సూసింది. ఇగ సాలు బిడ్డా అని చెయ్యి పట్టుకుంటె, ఒకటి తీసి సంచిల పెట్టుకున్నది. అన్నకు చెప్తందో చెప్పదో. నౌషాద్ నంబర్ ఈ కాయితం ఎనుక రాసిన.

ఇగ నీ రెండో ప్రశ్న. ఎందుకు గంత తొందర అన్నవు.

స్కానింగుల రోగం మల్ల అచ్చిందని తేలింది. ఈసారి ఊపిరితిత్తులల్ల. కోసుడు లేదు, ఉన్నన్ని దినాలు నొప్పి తెలువకుంట సూస్తమన్నడు డాక్టర్. గౌరి అప్పుడు బయట చాయ్ కోసం పోయింది. నేనొక్కన్నే ఇన్న. ఆమె అచ్చి, ఏమన్నడు అని అడిగింది. నేను చెయ్యి అడ్డం ఊపిన. ఏం లేదన్నట్టు సమజైంది ఆమెకు. సంబురపడి పోచమ్మకు కోడిని మొక్కుకున్నది.

నువ్వు ఫోన్ల చెప్పకు. నీ కాల్మొక్త. పక్కింటోళ్ళ నోట, నీ నోట ఇనొద్దు. ముప్పై ఏండ్లల చెడ్డ కబురైనా మంచి కబురైనా నేనే చెప్పిన. ఇదొక్కటి సుత నా నోటనే ఇనాలె. గందుకె మిషన్.

అన్న


సిరిసిల్ల,
21 ఆగస్టు 2025

అన్నా,

నీ కాయితం దుకాణంల సదివిన. ఆధార్ జిరాక్సుకు అచ్చినోళ్ళు నిలవడి సూస్తుండ్రు, నేను ఏడుస్తనే ఉన్న. షట్టర్ దించి ఇంటికచ్చిన. కెమెరా మంచిదా అని నిన్నడిగిన. ఆరునెల్లు ఆగుమన్న. నా చేతులిరుగ.

నౌషాద్‌కు ఫోన్ చేసిన. నేనే నిన్ను బందు చేసిందాన్ని, మీ అమ్మిని ఆ బండికి ఇప్పిచ్చింది సుత నేనే అని చెప్పిన. తిడతడనుకున్న. ఎనుక ఎవలో హిందీల పిలుస్తుండ్రు. "అక్కా, నేను కొత్త మనిషినే గద. మీరు మాత్రం ఎట్ల నమ్ముతరు?" అన్నడు. తిట్టినా బాగుండు. నేను సున్నగాండ్ల మీద కట్టిన లెక్కనే వాడు మల్ల నాకప్పజెప్పిండు. డ్యూటీ టైమైందని పెట్టేసిండు.

ఆ బెంగుళూరు సంగతి ఇడిసిపెట్టిన. నీ రీలు కెమెరా, నువ్వు పెండ్లిళ్ళకు తిప్పింది, ఇంకా నా దగ్గరనే ఉన్నది గద, దాన్ని హర్రాజుల పెట్టిన. మల్ల ఒక సున్ననే తగిలింది. ఫోటో లేదు, ఒక్క మాట రాయలే. పెద్ద అంకెలోళ్ళు ఇద్దరు తక్కువ పాడిండ్రు. నేను దినమంత తెర ముంగట కూసున్న. ఒకసారి కొట్టేద్దామని పోయిన, మల్ల ఆగిన. దొంగకు పెద్ద అంకె ఉండె, అమ్మ ఫోటో కోసం పాడిన కొడుకుకు సున్న ఉండె. గట్లని ఈ సున్న మంచోడన్న గ్యారంటీ ఉన్నదా? లేదు. నువ్వు మొఖాలు సూసే చెప్పలేనంటివి, నాకు సూసేటందుకు మొఖమే లేదాయె. ఆఖరికి ఇడిసిపెట్టిన. నమ్మకంతోని కాదన్నా, ఓపిక లేక.

పైసలు కట్టిండు. కెమెరా అందిందని చెప్పిండు. ఎవలో, ఎందుకు కొన్నరో నాకు తెల్వది. తెలుసుకునే ధైర్నం సుత లేదు.

మిషన్ తెప్పిచ్చిన. బావ సుత కొంత ఏసిండు, నీకు చెప్పొద్దన్నడు. కార్గోల ఏస్తున్న. ఛార్జింగు పెట్టి వాడాలె. మెడ మీద ఏ జాగల పెడితె మంచిగ పలుకుతదో ఎతుక్కోవాలెనట, రోజు సాధన చెయ్యాలెనట. నేను రావాల్నా? రమ్మంటె మొదటి బస్సుకే అస్త. వదినెకు నువ్వు చెప్పినంకనే అస్త. నా నోరు అప్పటిదాక కట్టేసుకుంట.

భాగ్య


కోరుట్ల,
3 సెప్టెంబర్ 2025

చెల్లె భాగ్యకు,

మిషన్ అందింది. బావకు నా దండాలు. చెప్పొద్దన్నడని చెప్పకుంట ఉంటనా?

గౌరికి తెలువకుంట పెరట్ల సాధన చేసిన. క్యాన్సరుకు దవఖానల రేడియేషన్ కరెంటు పెట్టంగ పెట్టంగ నా మెడ చెక్క లెక్కైంది, మిషన్ ఆనిస్తె సగం సప్పుడు బయటికే పోతది. తుమ్మెదను డబ్బల పెట్టినట్టు గుయ్యిమంటది. కోళ్ళు బెదిరి గోడెక్కినయి. అయినా ఇడువలే. ఏ మాటలు చెప్పాలెనో మనసుల పేర్చుకున్న. ఎక్కువ ఒద్దు, రెండే మాటలు. గౌరీ, రోగం మల్ల అచ్చింది. ఈసారి పోదట.

నిన్న పొద్దుగాల ఆమె అరుగు మీద ఆకు కత్తిరిస్తంది. ఎదురుంగ కూసున్న. మిషన్ తీసి మెడకు ఆనిచ్చుకున్న. ఆమె కత్తెర ఆపింది. నేను మీట ఒత్తి, పెదవులు కదిపి, ఆ రెండు మాటలు చెప్పిన. గుయ్యిమన్నది. ఆమె బిత్తరవోయి సూసింది.

"నువ్వేనా?" అన్నది.

తల ఊపిన.

"మల్లొకసారి అను, మల్లొకసారి" అని చాట పక్కకు నూకి దగ్గరికి జరిగింది. మల్ల చెప్పిన. నా పెదవుల దిక్కు, మిషన్ దిక్కు మార్చి మార్చి సూసింది. చెవు తెచ్చి మిషన్‌కు ఆనిచ్చింది. ఆమె ఎంటికలు నా చెంపకు తాకుతున్నయి. మూడోసారి నిమ్మళంగ, ఒక్కొక్క అచ్చరం ఇడదీసి చెప్పిన. రో-గం. మ-ల్ల.

ఆమె మొఖం ఎలిగింది భాగ్యా.

"నీళ్ళా? నీళ్ళన్నవా?" అన్నది.

నేను కాదని తల ఊపేలోపటే లేసింది. లోపటికి పోయుడు కాదు, ముందుగాల వాకిట్లకు ఉరికింది. "కిష్టవ్వా, ఓ కిష్టవ్వా! మా ఆయన మాట్లాడిండు! నన్ను నీళ్ళడిగిండు!" అని వాడ వాడంత ఇనేటట్టు ఒర్లింది. ఏడ్సుకుంట నవ్వుతంది. ఎన్నాళ్ళాయె ఆమె అట్ల నవ్వి. కిష్టవ్వ అచ్చింది, వాళ్ళ కోడలచ్చింది. అందరు నా ముంగట నిలవడ్డరు. ఇంకేమన్న అనుమన్నరు.

గౌరి చెంబుతోని నీళ్ళు తెచ్చింది. చెంబు అంచు కొంగుతోని తుడిసి నా చేతికిచ్చింది.

నాకు దూప లేదు. అయినా తాగిన. చెంబు అడుగు దాక తాగిన.

"ఇంక కావాల్నా?" అని అడిగింది, మల్ల మిషన్‌కు చెవు ఆనిచ్చి.

అన్న,
వెంకటేశం